కొలనులో నీళ్ళు ఎటు పోతున్నాయి?

పిల్లలూ! గోదావరికి దక్షిణాన, గోదావరిఖని నుంచి మంథని పోయే వైపున సెంటినరీ కాలనీ అని ఒక వూరుంది. సెంటినరీ అంటే నూరేళ్ళ పండుగ. 1889లో ఇల్లెందు దగ్గర సింగరేణి బొగ్గు తవ్వకం మొదలయింది గదా, ఆ నూరేళ్ళ గుర్తుగా వచ్చిన పేరది. బొగ్గుబాయి పనివాళ్ళ క్వార్టర్లు వరసలు వరసలుగా వుంటాయి. కాస్త జాగా వున్నవాళ్ళు ఏదో ఒక చెట్టు పెట్టుకుంటారు. మల్లెతీగ, జామ, కరివేపాకు సరేసరి. కొందరు ముంగిట చిన్న కొలను కూడా కట్టుకుంటారు. అందులో కలువలు వేసి, నాలుగు చేపలను వదిలి, మధ్యన చిన్న ఫౌంటెను పెడతారు. చూడముచ్చటగా వుంటుంది. కాని కొలను కట్టడం కొద్ది రోజుల పని, అది కారకుండా చూసుకోవడం ఏళ్ళ తరబడి పని. ఆ రెండో పని గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.

ఈ వూళ్ళో చాలామంది పిల్లలకు వాల్వు, ఫ్లాంజి, గ్యాస్కెట్టు అనే మాటలు చిన్నప్పుడే వచ్చేస్తాయి. తండ్రి ఫిట్టరో, పంపు ఆపరేటరో అయితే అన్నం దగ్గర కూడా అవే మాటలు మరి. బొగ్గు గనిలో నీరు ఊరుతూనే వుంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు పైకి తోడకపోతే గని మునిగిపోతుంది.

మీకొక సంగతి తెలుసా? ఆవిరి యంత్రం మొదట పనికి వచ్చింది రైలును లాగడానికి కాదు, గనిలో నీళ్ళు తోడడానికి! 1712లో ఇంగ్లండులో డడ్లీ అనే వూరి దగ్గర థామస్ న్యూకోమెన్ అనే ఆయన బొగ్గు గనిలో నీళ్ళు తోడడానికి తన యంత్రాన్ని నిలబెట్టాడు. ఆ రోజుల్లో సిలిండరును నున్నగా తొలచడం ఎవరికీ చేతనయ్యేది కాదు. లోపల ఆడే ముషలకానికీ సిలిండరు గోడకూ మధ్య సందు వుండిపోయేది. ఆ సందులోనుంచి గాలి దూరితే యంత్రం ఆడదు. అందుచేత న్యూకోమెన్ ముషలకం చుట్టూ తోలు పట్టీ వేసి, దాని మీద కొంచెం నీళ్ళు నిలవ వుంచాడు. చూశారా, నీళ్ళు తోడే యంత్రంలో సందు మూయడానికి మళ్ళీ నీళ్ళే పనికివచ్చాయి.

సరే, మన కొలను దగ్గరికి వద్దాం. కాలనీలో ఒక ఫిట్టరు గారి క్వార్టరు ముంగిట కొలను వుంది. పొడవు 2 మీటర్లు, వెడల్పు 1.5 మీటర్లు, మోకాటి లోతు. కొలను గోడకు అడుగున ఒక గొట్టమూ దానికి వాల్వూ వున్నాయి. వాల్వు తిప్పితే పాత నీళ్ళు జామచెట్టు పాదులోకి పోతాయి. ఒక ఏప్రిల్ నెలలో ఆ కొలనులో నీళ్ళు రోజురోజుకూ తగ్గసాగాయి. పోసిన కొద్దీ పోతున్నాయి. ఇంటావిడకు విసుగొచ్చింది.

“నల్లా వచ్చేదే కొంచెం సేపు. తాగ నీళ్ళు పట్టుకోవాల్నా, చేపలకు పొయ్యాల్నా? ఆదివారం మట్టి పోసి పూడ్సుడే!” అన్నది.

ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఎండాకాలంలో నీళ్ళ బాధ ఇల్లు గడిపేవాళ్ళకే తెలుస్తుంది. కాని ఏడో తరగతి చదివే వాళ్ళ అమ్మాయికి ఏడుపు వచ్చినంత పనయింది. అది బుధవారం. ఆ పిల్ల నా దగ్గరకు వచ్చి, “సార్, ఏ పైపు పగిలిందో జర చెప్పండి,” అని అడిగింది.

“నాడి చూడకుండా ఏ వైద్యుడైనా మందు ఇస్తాడా? ముందు రోగం ఎక్కడుందో కనుక్కో,” అని, ఎట్లా కనుక్కోవాలో చెప్పాను. మీరూ వినండి.

మొదట తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. కొలను నీళ్ళను ఎండ తాగుతున్నదా, చిల్లు తాగుతున్నదా? మా వైపు ఎండలు సామాన్యమైనవి కావు. మే నెలలో 45 డిగ్రీలు తాకడం కొత్త కాదు. ఊరికే ఎండకు ఇగిరిపోయిన నీళ్ళకోసం గొట్టాలన్నీ విప్పి పోసుకుంటే ఏం లాభం? అందుకు ఒక్క బకెట్టు చాలు. కొలనులో ఇటుకలు పేర్చి వాటి మీద బకెట్టు నిలబెట్టండి. దానిలో కొలను నీళ్ళే పోయండి. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే ఎత్తులో వుండాలి. బకెట్టు లోపల ఒక గీత, కొలను గోడ మీద ఒక గీత గియ్యండి. ఫౌంటెను ఆపి ఒక పగలూ ఒక రాత్రీ ముట్టుకోకుండా వుంచండి. బకెట్టును గట్టు మీద పెట్టకుండా కొలనులోనే ఎందుకు పెట్టాలి? రెండు నీళ్ళకూ ఒకే వేడీ ఒకే గాలీ తగలాలి గనక.

గురువారం పొద్దున ఆ అమ్మాయి స్కేలు పెట్టి కొలిచింది. బకెట్టులో 8 మిల్లీమీటర్లు తగ్గింది. కొలనులో 30 తగ్గింది. అంటే ఎండ పాపం 8 మాత్రమే, మిగిలిన 22 చిల్లుది. కొలను వైశాల్యం 3 చదరపు మీటర్లు. లెక్క వేసి చూడండి, 66 లీటర్లు వస్తుంది. రోజుకు నాలుగు బిందెల పైమాటే!

ఇంకొక లెక్క కూడా వేయించాను. దాదాపు 20 చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు అవుతుంది. సెకనుకు ఒక చుక్క చొప్పున కారితే రోజుకు 86,400 చుక్కలు, అంటే 4 లీటర్ల పైచిలుకు. ఇక్కడ పోతున్నది 66 లీటర్లు. అంటే సెకనుకు 15 చుక్కలు. అది చుక్కగా రాలదు, సన్నని దారంలా సాగుతుంది. కాబట్టి వెతకవలసినది కాస్త చెమర్చిన చోటు కాదు. లెక్కలు పరీక్షలకే తప్ప ఎందుకూ పనికిరావనే పిల్లలు మా బడిలోనూ వుండేవాళ్ళు. వాళ్ళకు యీ కొలను చూపించవలసింది.

రెండో పరీక్ష ఫౌంటెనుకు. పంపు ఆడుతున్నప్పుడే నీళ్ళు ఎక్కువగా తగ్గితే దోషం పంపు నుంచి పైకి పోయే గొట్టంలో వుంటుంది, లేదా గాలికి తుంపర గట్టు దాటి పడుతూ వుంటుంది. తుంపరయితే ఫౌంటెను ఎత్తు తగ్గిస్తే సరి. గురువారమంతా పంపు ఆడించి చూస్తే శుక్రవారానికి కొలనుకూ బకెట్టుకూ తేడా మళ్ళీ అంతే వచ్చింది. కాబట్టి ఫౌంటెనుది తప్పు లేదని తేలింది.

మూడో పరీక్షలో చిల్లును నీళ్ళే చూపిస్తాయి. నీళ్ళు చిల్లు ఎత్తుదాకా దిగి అక్కడ ఆగిపోతాయి, ఇక ఎండకు తగ్గేదే తప్ప. కాని రోజుకు 3 సెంటీమీటర్ల చొప్పున దిగేదాకా కూర్చుంటే ఆదివారం దాటిపోతుంది. అందుచేత సగం సగం చేసి వెతకమన్నాను. శుక్రవారం సాయంత్రం ఆ పిల్ల వాల్వు తిప్పి నీళ్ళు సగానికి దించి, వాల్వు కట్టేసి గీత గీసింది. తెల్లవారి చూస్తే 6 మిల్లీమీటర్లు తగ్గి వున్నది. రాత్రి ఎండ లేదు గదా! అంటే చిల్లు కింది సగంలోనే వుందన్నమాట. పై సగాన్ని ఇక చూడనక్కరలేదు. నీటి మట్టం తగ్గితే ఒత్తిడి తగ్గుతుంది, కారడమూ నెమ్మదిస్తుంది. అందుకే మునుపటికంటే తక్కువ తగ్గింది.

కింది సగంలో గొట్టమనేది ఒక్కటే, జామచెట్టుకు పోయేది. దాని వాల్వు కింద నేల ఎప్పుడూ తడిగానే వుండేది. “ఇంకేముంది, వాల్వే పోయింది,” అన్నారు ఇంట్లో. ఇక్కడే చాలామంది మోసపోతారు. కెటిల్ నుంచి టీ మెల్లగా వంపితే కప్పులో పడకుండా ముక్కును పట్టుకుని కిందికి పాకడం చూశారా? నీళ్ళకు ఆ గుణం వుంది. గొట్టాన్ని అంటుకుని అడుగు వెంట జానెడు దూరం పాకి, ఎక్కడ వంపు దొరికితే అక్కడ రాలుతాయి. రాలిన చోటు ఒకటి, కారిన చోటు ఇంకొకటి.

అందుకని గొట్టాన్నీ వాల్వునూ పొడి బట్టతో శుభ్రంగా తుడిచి, సుద్దముక్క పొడి చేసి అంతటా చల్లమన్నాను. సుద్ద లేకపోతే ముగ్గుపిండి చల్లవచ్చు. చల్లి, కన్ను ఆర్పకుండా చూస్తూ కూర్చోవాలి. ఏది ముందు తడిసిందన్నదే ముఖ్యం. ఆ అమ్మాయి చూస్తూ వుండగానే గొట్టం గోడలోనుంచి బయటికి వచ్చే చోట, మరబిళ్ళ చుట్టూ సుద్ద నల్లబడింది. అక్కడి నుంచి తడి గీతలా పాకి వాల్వు దగ్గరకు వచ్చింది. వాల్వు పైభాగం మాత్రం తెల్లగానే వున్నది. దొంగ దొరికాడు!

గొట్టం గోడను దాటే చోట వేసే ముక్కను కొట్లలో ట్యాంకు నిపిల్ అంటారు. డాబాల మీద నల్లని నీళ్ళ ట్యాంకులకు వుంటుంది చూడండి, అదే. దాని మెడలో రబ్బరు వాషరు వేసి మరబిళ్ళ బిగిస్తారు. ఎండకూ వానకూ ఏళ్ళ తరబడి వుండి ఆ రబ్బరు రాయిలా గట్టిపడింది. మెత్తగా వున్నప్పుడే రబ్బరు గోడ గరుకులోకి ఒదిగి సందు మూస్తుంది. గట్టిపడితే మరి ఒదగదు.

కొలనులో ఏ భాగమైనా సరే, గోడను గొట్టం చీల్చుకుపోయే చోటే మొదట అనుమానించాలి. పెద్ద చెరువులకూ ఇదే తంతు. 1213 నాటి శాసనమున్న రామప్ప గుడి పక్కనే కాకతీయుల కాలపు రామప్ప చెరువు వుంది. అటువంటి చెరువుల మట్టికట్టలు నడిచి చూసేవాళ్ళు తూము దగ్గర ఆగి మరీ చూస్తారు. మట్టి కట్టలో రాతి తూము పోయే చోట, రెండూ వేరు వేరు వస్తువులు గనక, నీళ్ళు వాటి మధ్య దారి వెతుక్కుంటాయి. ఊరే నీళ్ళు తేటగా వుంటే కొంత నయం. బురదగా వస్తే మాత్రం లోపలి మట్టి కొట్టుకొస్తున్నదని భయపడాలి. మీ ఇంటి కొలను కింద నుంచి బురద నీళ్ళు వస్తే కూడా అట్లాగే తొందరపడండి.

ఇక ఆదివారం వచ్చింది. మట్టి తెచ్చిన తట్టలు వాకిట్లోనే వున్నాయి. తండ్రికి సెలవు. ఆయన గనిలో గొట్టాలు బిగించే మనిషి, పానా చేతికి తీసుకుని, “ఇటు జరుగు బిడ్డా, ఒక్క తిప్పు తిప్పితె అయిపాయె,” అన్నాడు. తిప్పాడు. టప్పుమని ప్లాస్టిక్ మరబిళ్ళ రెండు ముక్కలయింది!

“బాపూ, ఇది బాయిల పైపు కాదు!” అన్నది అమ్మాయి.

నిజమే. నీటి ఎత్తు ప్రతి 10 మీటర్లకూ చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో ఒత్తిడి పడుతుంది. 200 మీటర్ల లోతు గని నుంచి నీళ్ళు పైకి తొయ్యాలంటే అడుగున గొట్టం 20 కిలోల ఒత్తిడిని ఆపాలి. అందుకే అక్కడ ఇనుప ఫ్లాంజీలూ, వాటి నడుమ గ్యాస్కెట్టూ, చుట్టూ బోల్టులూ. మోకాటి లోతు కొలనులో ఒత్తిడి ఎంతో తెలుసా? 45 గ్రాములు! దానికి అంత బలమెందుకు? ప్లాస్టిక్ మరబిళ్ళను చేత్తో బిగినంత బిగించి, ఆపైన పావు చుట్టు తిప్పితే చాలు.

కొత్త నిపిల్ తెచ్చి వేశారు. వెయ్యబోయే ముందు గోడ మీద పట్టిన సున్నపు పొరనూ నాచునూ గీకి తుడిచారు. రబ్బరు వాషరు కొలను లోపలి వైపు, అంటే నీళ్ళ వైపు వుండాలి. అప్పుడు నీటి ఒత్తిడే దాన్ని గోడకు అదుముతుంది, గోడ రంధ్రంలోకి నీళ్ళు దిగవు. పైన ఏదైనా పూత పూయాలనిపిస్తే స్నానాల గదికి వాడే సిలికోను వద్దు. అందులో బూజు పట్టకుండా మందు కలుపుతారు, అది చేపలకు పడదు. చేపల తొట్లకు వాడేదే అడిగి తీసుకోండి. మరుసటి వారం బకెట్టు పరీక్షలో బకెట్టుకు 9, కొలనుకు 9 వచ్చింది. మట్టి తట్టలు జామచెట్టు పాదుకు పోయాయి.

మీ కొలనులో రోగం ఇంకొక చోట వుండవచ్చు. గొట్టం నడిమధ్యన పగలడం తక్కువ, అతుకు దగ్గర కారడమే ఎక్కువ. గోలకొండ కోటలో నీళ్ళు నడిపిన మట్టి గొట్టాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఈసారి వెళితే అతుకుల దగ్గర ఆగి చూడండి.

మర అతుకు కారితే విప్పి, పాత చెత్త తీసేసి, ఆరబెట్టి, టెఫ్లాన్ టేపు చుట్టాలి. గొట్టం మూతిని మీ వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపు అయిదారు చుట్లు చుట్టండి. వెనక వైపుగా చుడితే బిగించేటప్పుడు టేపు వూడి వస్తుంది. పూర్వం ఫిట్టర్లు జనపనారకు సఫేదా పూసి చుట్టేవాళ్ళు. అసలు సఫేదా అంటే సీసపు రంగు. సీసం విషం, చేపలున్న నీళ్ళలోకి అది రానే కూడదు.

ఈ టెఫ్లాన్ పుట్టిన కథ మహా తమాషాగా వుంటుంది. 1938 ఏప్రిల్ 6న అమెరికాలో డూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ అనే 27 ఏళ్ళ రసాయన శాస్త్రవేత్త ఒక వాయువు సిలిండరు తెరిచాడు. వాయువు రాలేదు. ఎవరైనా అయితే, “కారిపోయింది,” అని పక్కన పడేసేవాళ్ళు. కాని సిలిండరును తూచి చూస్తే బరువు తగ్గలేదు. కారిపోతే బరువు తగ్గాలి గదా! కోసి చూశారు. లోపల వాయువంతా తెల్లని జిడ్డు పొడిగా మారి వున్నది. ఏదీ దానికి అంటుకోదు, ఆమ్లాలు కూడా దాన్ని తినలేవు. కారలేదని తూకం వేసి తేల్చిన వస్తువు, ఈనాడు కారకుండా ఆపడానికి ఇంటింటా వున్నది.

పీవీసీ గొట్టాలను ‘సొల్యూషన్’ పెట్టి అతికిస్తారు. దాన్ని జిగురు అనుకుంటారు గాని అది జిగురు కాదు. గొట్టం పైపొరనూ, కప్లింగు లోపలి పొరనూ కరిగించి రెండింటినీ ఒకటి చేస్తుంది. అందుచేత కారుతున్న అతుకు మీద బయటి నుంచి ఎంత పూసినా లాభం లేదు. ఇది పెద్దవాళ్ళు కూడా చేసే పొరపాటే. ఆ అతుకును రంపంతో కోసేసి, కొత్త కప్లింగు వెయ్యాలి. కోసిన అంచు గరుకును తీసి, తుడిచి, తడి లేకుండా ఆరనిచ్చి, రెండింటికీ పూసి, లోపలికి తోసి పావు చుట్టు తిప్పి, ముప్ఫై లెక్కపెట్టేదాకా కదలకుండా పట్టుకోవాలి. ఒక రోజు గడిచాకే నీళ్ళు వదలాలి. దాని వాసన పీల్చకండి, దగ్గర నిప్పు వుంచకండి. ఈ పని పెద్దవాళ్ళ చేతనే చేయించండి.

మెత్తని గొట్టమయితే పని సులువు. దాని మూతిని వేడినీళ్ళలో ముంచితే సాగుతుంది. అప్పుడు ఎక్కించి క్లిప్పు బిగించాలి. తీగ చుట్టి మెలిపెడితే ఒక వైపు బిగువు, ఒక వైపు వదులు అవుతుంది.

ఇప్పుడొక పొడుపుకథ. కొలను బయట పెట్టిన పంపు ఒకటుంది. అది ఆడుతున్నంతసేపూ చుక్క కారదు, ఆపితే కారుతుంది. ఫౌంటెనులో మాత్రం నీళ్ళతో పాటు బుడగలు వస్తాయి. చిల్లు ఎక్కడ? బొప్పాయి ఆకు కాడ తీసుకుని, కడిగి, మధ్యన గుండుసూదితో పొడిచి, దానితో నీళ్ళు పీల్చి చూడండి. చిల్లులోనుంచి నీళ్ళు బయటికి రావు, గాలే లోపలికి వస్తుంది. పీల్చేటప్పుడు కాడ లోపల ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికంటే తక్కువ. పంపు నీళ్ళు పీల్చుకునే వైపు అతుకు వదులైనా ఇదే జరుగుతుంది. బుడగలు కనబడితే ఆ వైపు వెతకండి.

అతుకులు వదులు కావడానికి మా వైపు రెండు కారణాలు ఎక్కువ. ఒకటి ఎండ. 10 మీటర్ల పీవీసీ గొట్టం 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2 సెంటీమీటర్లు సాగుతుంది, రాత్రికి మళ్ళీ ముడుచుకుంటుంది. రోజూ ఆ లాగుడంతా అతుకు మీదే పడుతుంది. గొట్టాన్ని మట్టిలో పూడిస్తే, కనీసం నీడనయినా వుంచితే మంచిది. రెండోది నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారే నేల అది. రేగడిలో గొట్టం వేసేటప్పుడు కిందా పైనా ఇసుక పోయాలి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఫౌంటెను పంపుకు కరెంటు వుంటుంది. కొలనులో చెయ్యి పెట్టే ముందు స్విచ్చి ఆపితే చాలదు, పొడి చేతులతో ప్లగ్గు పీకించాలి, అదీ పెద్దవాళ్ళ చేత. పంపు వైరు ప్లగ్గు దగ్గరకు పోయేముందు ఒక చోట కిందికి వేలాడి పైకి పోవాలి. అప్పుడు వైరు వెంట పాకిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. 30 మిల్లీ ఆంపియర్లకే కరెంటును తెంచే బ్రేకరు వుందో లేదో ఇంట్లో అడగండి. లేకపోతే అది పెట్టించేదాకా ఫౌంటెను ఆడించవద్దు.

బాగుచేసిన కొలనులో చేపలను వదిలేటప్పుడు తొందర కూడదు. నల్లా నీళ్ళలో క్లోరిన్ వుంటుంది, అది చేపల మొప్పలను కాలుస్తుంది. కారే కొలనులో రోజూ కొత్త నల్లా నీళ్ళు పోస్తూ వుంటే చేపలు నీరసించేది కూడా అందుకే. నీళ్ళు నింపి ఒక రోజు ఎండలో నిలవ వుంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. ఆ తరవాత చేపలున్న గిన్నెను కొలను నీళ్ళ మీద పావుగంట తేలనిచ్చి, రెండింటి వేడీ ఒకటయ్యాక, గిన్నెను మెల్లగా ఒక పక్కకు వంచండి. అవే ఈదుకుంటూ పోతాయి.